గాజు పెట్టెలో పైడమ్మ బిందె

2023వ సంవత్సరం, ఏడాది చివరి స్కూలు సెలవులు. మలేసియాలోని పెనాంగ్ దీవిలో ఆ వారం హోటల్ గది దొరకడమే గొప్ప. ఇపో నుంచి ఒక తెలుగు కుటుంబాన్ని మూడు రోజుల సముద్రతీర యాత్రకు తీసుకువచ్చాను. నేను లైసెన్సు ఉన్న టూరిస్టు గైడ్‌ని. పది సీట్ల వ్యాను నాదే, దాని డ్రైవరునూ నేనే. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో పడి.

ఈ వృత్తి ఎరగనివాళ్ళకు రెండు మూడు మాటలు ముందే చెప్పాలి. ఏ గంటకు ఎక్కడుండాలో ముందుగా వేసుకునే పట్టికను ఐటినరరీ అంటాం. మనుషుల్ని మేం మనుషులు అనం, పాక్స్ అంటాం. రేపు ఐదు పాక్స్ అంటే ఐదుగురు వస్తున్నారని అర్థం. ఒక చోటికీ మరో చోటికీ మధ్య వాన కోసం, బాత్‌రూముల కోసం, తప్పిపోయే పెదనాన్నల కోసం వదిలిపెట్టే ఖాళీ సమయం పేరు బఫర్. ఆ బఫర్ ఖర్చు కాకుండా యాత్ర ముగించినవాళ్ళే మంచి గైడ్లు. నేను చాలా మంచి గైడ్‌ని. అందుకే ఇన్నేళ్లలో ఏ మ్యూజియంనూ నేను పూర్తిగా చూడలేదు.

బేరం సంగతి వేరే చెప్పాలి. సుంగై సిపుట్‌లో మా నాన్నది కిరాణా కొట్టు. మాకు కుడివైపు మేనమామ బట్టల కొట్టు, ఎడమవైపు పెదనాన్న ఇనప సామాన్ల కొట్టు. బేరం నాకు ఉగ్గుపాలతో అబ్బింది. నాన్న చెప్పిన పద్ధతి ఒకటే. నచ్చిన వస్తువు వంక చూడకూడదు. దాని పక్కనున్నదాన్ని పట్టుకుని ధర అడగాలి. పోతూ పోతూ, ఏదో గుర్తొచ్చినట్టు, అసలుదాని సంగతి ఎత్తాలి. ఎత్తగానే దాని లోపం చెప్పాలి. ఈ పద్ధతిలోనే చేపలూ, వ్యాను టైర్లూ, నా పెళ్లి పందిరికి పూలూ కొన్నాను. పెళ్లిచూపుల్లో తననూ అలాగే చూశానని మా ఆయన అనుమానం. తీసిపారేయలేను.

సరే, ఆ కుటుంబం. బుకింగ్ చేసింది రేఖ అనే అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఇపోలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆమె భర్త, అమ్మ, నాన్న, నాన్నను కన్న తల్లి సూరమ్మ గారు. మొత్తం ఐదు పాక్స్. సూరమ్మ గారికి డెబ్బై ఎనిమిది. పెద్దవాళ్ళు ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు తోటల పనికి ఓడలో వచ్చారు. ఈమె పుట్టింది మాత్రం మా సుంగై సిపుట్ పక్క తోటలోనే. మా ఊరావిడే కదా అని నేను పెద్దమ్మా అన్నాను, ఆమె నన్ను పిల్లా అంది. యాభై మూడేళ్ళ వయసులో ఆ పిలుపు ఎవరిస్తారు? అక్కడే నేను సగం పడిపోయాను.

మొదటి రోజు సముద్రం ఒడ్డునున్న పాత కోట చూపించాను. ఫిరంగి పక్కన నిలబడి ఆమె అడిగింది.

"ఇది ఎవుల్ని కొట్టినాదే పిల్లా?"

"ఎవుల్నీ కొట్టనేదు పెద్దమ్మా. ఈ కోటలో యుద్ధమే జరగనేదు."

"మరి టిక్కెట్టు దేనికి?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ ప్రొఫెసరూ అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం కొడుకూ కోడలూ మనవరాలి మొగుడూ హోటల్లో ఈత కొలను దగ్గర ఉండిపోయారు. సూరమ్మ గారు రానంది. "నీళ్ళు నాను సూడనివేటి? డెబ్బై ఏళ్ళు మోసినాను," అంది. రేఖనూ ఆమెనూ తీసుకుని, పట్టికలో ఉన్న మ్యూజియానికి బయల్దేరాను.

ఆ మ్యూజియం ప్రభుత్వానిది కాదు. ఒక పాత వీధిలో పొడవాటి రెండంతస్తుల ఇల్లు. ఇంటాయన్ని నేను అంకుల్ చువా అంటాను. స్కూల్లో హిస్టరీ మాస్టారుగా చేసి, రిటైరయ్యాక, తాతల నాటి ఇంట్లో తను జీవితమంతా పోగుచేసినవన్నీ అద్దాల పెట్టెల్లో పెట్టారు. తగరపు గనుల్లో మన్ను కడిగిన చెక్క పళ్ళేలు, చైనా వాళ్ళ పెళ్లి మంచం, వలలకు కట్టే సీసపు గుండ్లు, రబ్బరు పాలు పట్టిన కప్పులు. గాజు తుడిచేదీ, టిక్కెట్టు చింపేదీ ఆయనే. మేమిద్దరం మలయ్‌లో, మధ్య మధ్య ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. ఆయనకు బేరం చేతకాదు. వెళ్ళినప్పుడల్లా పెద్దవాళ్ళకు తగ్గింపు అడుగుతాను, ఇచ్చాక గైడుకు ఎఫ్.ఓ.సి. అంటాను. అంటే ఉచిత ప్రవేశం. ఆయన తలూపుతారు. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. ఆ మంచితనమే ఆ రోజు నా కొంప ముంచింది.

మూడో గదిలో రబ్బరు ఎస్టేటు జీవితం గురించి ఒక గాజు పెట్టె ఉంది. అందులో పాలు గీసే కత్తి, కప్పులు, ఒక ఇత్తడి బిందె. ముందు చిన్న చీటీ: 'నీళ్ళ బిందె. తమిళ ఎస్టేటు కుటుంబం. పేరక్ రాష్ట్రం.' ఎన్ని గుంపులకు ఆ బిందె చూపించి ఉంటాను! 'మన తమిళవాళ్ళ బిందె' అని చెప్పి, గడియారం చూసుకుని, పై గదికి నడిపించేదాన్ని. ఆ రోజూ అదే చెప్పి రెండడుగులు వేశాను. వెనక ఎవరూ రావడం లేదు.

సూరమ్మ గారు పెట్టె పక్కకు వెళ్ళి, గాజుకు నుదురు ఆనించి చూస్తోంది.

"ఏటైనాది పెద్దమ్మా? కాళ్ళు నొప్పెడతన్నాయా?"

"ఆ సుక్కలు సూడు."

బిందె భుజం మీద, ముందునుంచి కనబడని వైపు, చుక్కలు చుక్కలుగా ఏదో కొట్టి ఉంది. పాత్రల మీద పేర్లు కొట్టించడం మనవాళ్ళకు అలవాటే కదా. పెళ్లికి పెట్టిన గిన్నె నుంచి పాలచెంబు దాకా సుత్తీ మేకుతో చుక్కలు పెట్టిస్తారు. నేను వంగి చూశాను. చిన్నప్పుడు ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకి చదివాను.

"పైడమ్మ."

"మాయమ్మ," అంది ఆమె.

నాకు ఒళ్ళు జలదరించింది. భక్తితోనో, ఆశ్చర్యంతోనో కాదు, సిగ్గుతో. తెలుగు చదవడం వచ్చిన గైడ్‌ని, తెలుగు పేరున్న బిందెను ఇన్నేళ్లు తమిళులదని చెప్పుకొస్తున్నాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, పక్కకు వెళ్ళి చూడలేదు. బఫర్ మిగిల్చాను మరి.

అయినా నాలోని కొట్టు మనిషి ఊరుకోదు. "పెద్దమ్మా, పైడమ్మలు ఎంతోమంది ఉంటారు. మీ అమ్మదేనని ఎలాగ తెలుస్తాది? నీకు చదువొచ్చా?"

"నాకు సదువు రాదు. సుక్కలొచ్చు. సిన్నప్పటి సంది సింతపండెట్టి తోమినాను. రెండో అచ్చరం కాడ ఓ సుక్క జారిపోయి కిందన పడినాది, సూడు. ఇంకోటి సెప్తాను. అడుగున సీసం మాటేసి ఉంటాది. కొళాయి కాడ బండ మీద పడేసినాను, నానే. మా నాయన మాటేయించినాడు."

జారిన చుక్క అక్కడే ఉంది. అడుగు మాత్రం చెక్క స్టాండులో కూరుకుపోయి కనబడదు.

రేఖ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "మామ్మ ఏటి సెప్తన్నాది ఆంటీ? నాకు సగమే అర్థమైంది లా," అంది, మా మలేసియా వాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో.

చెప్పాను. ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో మామ్మా! మరి ఇక్కడికి ఎప్పడి వచ్చింది?" అంది, 'ఎలా'కు తమిళ మాట వేసి.

సూరమ్మ గారు గాజు మీంచి చెయ్యి తీయకుండానే చెప్పింది. ఆమెకు పెళ్ళయి మొదటి బిడ్డ పుట్టిన ఏడు. తోటలో కూలీల లైను ఇళ్ళకు దూరంగా కొళాయి. ఇత్తడి బిందె నిండితే నడుం విరిగేది. ఒకరోజు సైకిలు మీద ప్లాస్టిక్ సామాన్లవాడు వచ్చాడు, పాత ఇత్తడి ఇస్తే కొత్త బక్కెట్లు ఇస్తానన్నాడు.

"రెండు బక్కెట్లు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. తేలిగ్గా పువ్వుల్లాగుండీవి. ఇచ్చీసినాను. మాయమ్మ పనికెళ్ళొచ్చి సూసినాది. మూడు రోజులు నాతోటి మాటాడనేదు. నాలుగో రోజు, 'నా పేరెట్టి మరీ అమ్మీసినావే నన్ను' అన్నాది. పోయేదాకా అదే మాట. నవ్వుతానే అనీది గానీ, నాకు తెలుసు గదా."

రెండు ప్లాస్టిక్ బక్కెట్లకు నిండు ఇత్తడి బిందె! బేరగత్తెగా నా గుండె బద్దలైంది. కనీసం నాలుగు అడగాల్సింది, ఒక మూతా వేయించుకోవాల్సింది. ఈ ఆలోచన సిగ్గులేనిదని తెలుసు. కానీ వచ్చింది, దాస్తే ఏం లాభం.

ఆమె కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని, "ఆ ముసిలాయనతోటి నువ్వు ఒకపాలి మాటాడవే పిల్లా," అంది.

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. దేని గురించి మాట్లాడాలని అడగలేదు. అడగాల్సిన అవసరమేముంది? పోయిన అమ్మ బిందె గాజు వెనక కనబడితే కూతురు ఏం కోరుకుంటుంది? ఇంటికి తీసుకుపోవాలని. నా పని దాన్ని చవగ్గా ఇప్పించడం. ఆమె నోట్లోంచి రాని మాటను నా చెవులు విన్నాయి. "నువ్వు నిశ్చింతగా కూకో పెద్దమ్మా, నాను సూసుకుంటాను," అని ముందు గదికి వెళ్ళాను.

అంకుల్ చువా పాత గడియారానికి కీ ఇస్తున్నారు. నేను నాన్న పద్ధతిలోనే మొదలుపెట్టాను. ముందు గుమ్మం పక్కనున్న కర్ర పెట్టెను మెచ్చుకున్నాను. దాని తాళం గురించి మూడు ప్రశ్నలు వేశాను. వెళ్ళిపోబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాను.

"అవును అంకుల్, మూడో గదిలో ఆ ఇత్తడి బిందె ఎందుకు పెట్టారు? అలాంటివి మా వాళ్ళ ప్రతి ఇంట్లోనూ అటక మీద పడి ఉంటాయి. పైగా అడుగున మాటు. చిల్లు బిందె."

ఆయన కీ తిప్పడం ఆపారు. "నిజంగానా సిస్టర్? అంత మామూలుదా?"

"మామూలుదంటే మామూలుదే. మీ గాజుకే అవమానం."

"అమ్మేదైతే నీకే ఇచ్చేవాణ్ణి, కానీ నేను ఇక్కడివి అమ్మను," అన్నారాయన, నా మనసులోని మాట పట్టేసినట్టు. తర్వాత దిగులుగా తల గోక్కున్నారు. "నిజం చెప్పాలంటే, ఆ చోటు నాకు కావాలి లా. మా అత్తయ్యగారి పింగాణీ సామాను వచ్చింది, పెట్టడానికి పెట్టె లేదు. ఇండియన్ విజిటర్లు చూసి సంతోషిస్తారని ఆ బిందెను ఉంచాను. ఆ సమాజం మనిషివి, లైసెన్సు ఉన్న గైడ్‌వి, నువ్వే విలువలేదంటున్నావు. రేపు తీసి పైన స్టోర్‌లో పడేస్తాను. థాంక్యూ సిస్టర్, మంచి మాట చెప్పావు."

నేను లోలోపల చంకలు గుద్దుకున్నాను. గాజు పెట్టెలోని వస్తువుకు ధర ఉండదు. స్టోర్‌లో దుమ్ము పట్టినదానికి ఎప్పుడో ఒకప్పుడు ఉంటుంది. రెండు నెలలాగి మళ్ళీ వస్తే, చోటు ఖాళీ అవుతుందని ఆయనే చేతిలో పెడతారు. ఇంతకంటే మంచి బేరం నా జన్మలో చేయలేదనుకుంటూ మూడో గదికి వచ్చాను. ఆ గదిలో సూరమ్మ గారికి రేఖ ఒక కుర్చీ వేసింది.

"పెద్దమ్మా, పనైపోనాది. రేపు దాన్ని గాజులోంచి తీయించేస్తన్నాను. పైన స్టోర్లో ఎడతాడు. రెండు నెలలు ఓపిక పట్టు, మీ ఇంటికొచ్చేస్తాది."

ఆమె నా వైపు తెల్లబోయి చూసింది. "తీసేస్తాడా?"

"అవును."

"ఎందుకు తీసేస్తాడు? నాను తీసీమన్నానా?"

"నీకు బిందె వొద్దేటి?"

"ఓలమ్మో, నాకెందుకే! తీసుకెళ్ళి ఏటి సేసుకుంటాను? నాను ఒకపాలి ఇచ్చీసిందాన్ని. నా తరవాత ఇదిగో ఇది," అని రేఖను చూపించింది, "ఇది ఏ ఫ్రిజ్జికో మార్చీదా?"

"మామ్మా!" అంది రేఖ.

"నాను పారీసినాను. ఎవుడో కానివోడు ఏరి, కడిగి, గాజులో ఎట్టి, దీపమేసినాడు. మాయమ్మ బతికినన్నాళ్ళూ ఆ తల్లి మీద ఒక దీపమెవుడేసినాడు? ఇక్కడే ఉండనీ. సీటీ మీద తమిళం అని రాసినాడంట గదా, దాన్ని మార్చి మాయమ్మ పేరు రాయమని అడగమన్నాను. అంతే. నువ్వు ఏటి సెప్పొచ్చినావు?"

 ఆమె అమ్మను రెండోసారి నేను తీసేయించాను. ఈసారి బక్కెట్లు కూడా రాలేదు.

"ఎల్లు. ఎల్లి సెప్పు," అంది.

వెళ్ళాను. అంకుల్ చువా అప్పటికే పింగాణీ గిన్నెల కొలత తీసుకుంటున్నారు.

"అంకుల్, ఆ బిందె... అదే, తొందరపడ్డానేమో. ఆలోచిస్తే అది చాలా అరుదైనది. అలాంటిది పెనాంగ్ మొత్తంలో ఉండదు."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "పది నిమిషాల క్రితం ప్రతి అటక మీదా ఉంటుందన్నావు."

"అటకల మీద ఉండేవి వేరు."

"నా గాజుకే అవమానమన్నావు."

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

జీవితంలో అదే మొదటిసారి, ఎదుటివాళ్ళ సరుకు గొప్పదని చెప్పాల్సి రావడం. నా నాలుకకు ఆ అలవాటు లేదు. చెప్పేకొద్దీ అబద్ధంలా వినబడింది నాకే. ఎంత ఎక్కువ పొగిడితే ఆయన అంత ఎక్కువ అనుమానంగా చూశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల సాకులు విన్న మాస్టారు కదా.

"సిస్టర్, ఏది నిజం? నాకు ఒక్కటే అర్థం కావడం లేదు. అడుగున మాటు ఉందన్నావు. ఆ బిందెను నేను పదిహేనేళ్ళ క్రితం ఇపో పక్కన పాత ఇనప సామాన్ల కొట్లో కొన్నాను. కడిగి స్టాండులో దించింది నేనే. తర్వాత ఎవరూ ఎత్తలేదు. మాటు సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీకెలా తెలిసింది?"

దొరికిపోయాను. ఇక బేరానికి ఏమీ మిగల్లేదు, ఉన్నది చెప్పడం తప్ప. చెప్పాను. సూరమ్మ గారి సంగతి, చుక్కలు, బండ మీద పడటం, రెండు బక్కెట్లు, ఆమె చెప్పిన లోపాన్నే నేను బేరానికి వాడుకోవడం, అన్నీ.  అయిపోయాక ఆయన సొరుగులోంచి తాళాల గుత్తి తీశారు.

"దీన్ని ప్రొవెనెన్స్ అంటారు, సిస్టర్," అన్నారు నడుస్తూ. వస్తువు ఎవరి చేతిలో పుట్టి, ఎవరి చేతులు మారి ఇక్కడికి చేరిందో ఆ కథను మ్యూజియం వాళ్ళు అలా పిలుస్తారట. "అది లేని వస్తువు ఉత్త సామాను. నా దగ్గరున్న వాటిలో మూడొంతులు ఉత్త సామానే. దానికోసం నేను ఊళ్ళు తిరుగుతాను. నువ్వు దాన్ని లోపమని చెప్పావు."

పెట్టె తెరిచారు. చేతులకు గుడ్డ తొడుగులు వేసుకుని బిందెను ఎత్తి తిప్పారు. అడుగున అరచేతి వెడల్పున బూడిద రంగు మాటు. పక్కనే సొట్ట.

సూరమ్మ గారు కుర్చీలోంచి లేచింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, తొడుగులు తీసి ఆమెకివ్వబోయి, మానేసి, బిందెను ఉత్త చేతులకే అందించారు. ఆమె దాన్ని చంకలో పెట్టుకుంది. అంత సులువుగా, అంత అలవాటుగా పెట్టుకుంది, మోకాళ్ళ నొప్పితో నిన్నంతా కోటలో నా భుజం పట్టుకుని నడిచిన మనిషేనా అనిపించింది. రేఖ ఫోన్ తీసింది, మళ్ళీ ఎందుకో లోపల పెట్టేసింది.

కాసేపటికి ఆమె బిందె మెడ దగ్గర వేలితో రాసి, ఆ వేలు వాసన చూసింది. "దేంతోటి తోముతున్నాడే ఈయన?"

అడిగాను. సీసాలో అమ్మే పాలిష్ అన్నారు.

"అందుకే కళ తప్పినాది. సింతపండు, ముగ్గు. తరవాత మంచినీళ్ళు. తుడిసీయాల, ఆరనీకూడదు. సెప్పు."

నేను మలయ్‌లో చెప్పాను. ఆయన జేబులోంచి కాగితం తీసి శ్రద్ధగా రాసుకున్నారు. ముగ్గుకు మలయ్‌లో ఏమనాలో నాకు తెలియలేదు. తెల్ల పొడి రాయి అన్నాను.

ఆ తర్వాత ఆయన ఆమె ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నారు. బిందె ఎవరిది, ఎవరిచ్చారు, ఏ తోట. ఆయన అడగడం, నేను తెలుగులో చెప్పడం, ఆమె జవాబివ్వడం, రేఖ దాన్ని ఇంగ్లీషులో పెట్టడం. సగం అర్థమవుతుందన్న పిల్ల, నేను ఎక్కడైనా ఒక ముక్క మింగేస్తే, "కాదాంటీ, మామ్మ అలా సెప్పనేదు," అని సరిదిద్దడం మొదలుపెట్టింది. బిందె పైడమ్మకు పెళ్ళప్పుడు ఆమె మేనమామ ఇచ్చినదట. ఓడలో బట్టల మూటలో చుట్టి తెచ్చుకుందట. నా బఫర్ అయిపోయింది. ఆ తర్వాత వెళ్ళాల్సిన చోటూ అయిపోయింది. హోటల్ నుంచి కొడుకు రెండుసార్లు ఫోన్ చేశాడు.

కొత్త చీటీ ఎలా రాయాలో ఆయన చదివి వినిపించారు. 'పైడమ్మ బిందె. తెలుగు ఎస్టేటు కుటుంబం, సుంగై సిపుట్. ఆమె కుమార్తె సూరమ్మ గుర్తుపట్టారు.' బాగుందని నేను తలూపాను. రేఖ కళ్ళు తుడుచుకుంది.

సూరమ్మ గారికి నచ్చలేదు. "సగమే రాసినాడు."

"ఇంకేటి కావాలి పెద్దమ్మా?"

"రెండు ప్లాస్టిక్ బక్కెట్లకి కూతురు ఇచ్చీసినాదని రాయమను."

అది తిప్పి చెప్పడానికి నేను తటపటాయించాను. రేఖే చెప్పింది. అంకుల్ చువా ఇబ్బందిగా కదిలారు. "అమ్మా, ఇక్కడికి రోజూ జనం వస్తారు. చదివి నవ్వుతారు. మీకు చిన్నతనం కదా?"

"నవ్వనీ," అంది ఆమె. "మాయమ్మా నవ్వీది. ఆ ముక్క నేకపోతే ఈ బిందె ఇక్కడికి ఎలాగొచ్చినాదో ఎవులికి తెలుస్తాది? ఆ సైకిలోడు రాకపోతే, నాను ఇవ్వకపోతే, ఇది ఈ పాటికి ఏ మూలో సిల్లులు పడి పోవును. రాయమను. ఎరుపొకటి, నీలమొకటి. రంగులు కూడా రాయమను."

ఆయన నా వైపు చూశారు, ఏదైనా సలహా ఇస్తానేమోనని. ఆ రోజుకు నేను ఇచ్చిన సలహాలు చాలు.  ఆయన కలం తీసి రంగులతో సహా రాశారు. తెలుగులో కింద ఒక వరస ఉండాలన్నారు. ఆ వరస నేను రాశాను. అలవాటు తప్పి అక్షరాలు వంకరపోయాయి. చదువు రాని ఆవిడ దాన్ని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "బాగున్నాది," అంది. ఏది చూసి బాగుందన్నదో అడగలేదు.

బిందె ఈసారి చుక్కలు ముందుకు వచ్చేలా స్టాండులోకి వెళ్ళింది. అద్దం మూస్తుంటే ఆమె, "అమ్మా, ఉంటావా," అంది మెల్లగా. పింగాణీ సామాను ఇప్పటికీ అట్టపెట్టెల్లోనే ఉందని విన్నాను.

ఈ బిందె నాకు ఒక పాఠం నేర్పిందని చెప్పుకుంటాను గానీ, నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. వచ్చినవాళ్ళకు ఏం కావాలో నాకు ముందే తెలుసన్న ధీమా మా కొట్టు వీధిలో ప్రతివాడికీ ఉంటుంది. మనిషి గడప ఎక్కగానే బియ్యమో, నూనో చూపుతో చెప్పేసేవాడు మా నాన్న. నూటికి తొంభై సార్లు నిజమయ్యేది. మిగతా పది సార్లు ఏమైందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నా ఐటినరరీలో ప్రతి మ్యూజియం దగ్గరా ఒక గంట ఖాళీగా వదులుతున్నాను. దానికి నేను పేరు పెట్టలేదు.

నా పాక్స్‌లో ఎవరైనా ఒక వస్తువు ముందు ఆగిపోతే, దగ్గరికి వెళ్ళి, ఏం కావాలమ్మా అని అడుగుతాను. చాలామంది ఒకటే జవాబు చెబుతారు: "ఏమీ వద్దు, ఊరికే చూస్తున్నా." కొట్లో పెరిగిన నాకు ఆ మాటంటే ఒకప్పుడు ఒళ్ళు మంట. పొద్దున్నే అది వింటే ఆ రోజు బోణీ కాదనేవాళ్ళం. ఇప్పుడు అది వినగానే, వాళ్ళ వెలుతురుకు అడ్డం రాకుండా పక్కకు తప్పుకుంటాను.